మ్యూజియంలో మా తమ్ముడు

మా లోయలో కొండబండల మీద చేతులెత్తిన మనుషుల్ని వేల ఏళ్ల కిందట ఎవరు చెక్కారో ఎవడికీ తెలీదు. మా అమ్మమ్మ వాటిని ‘పితోతి’ అనేది, అంటే బొమ్మలు, అని ఊరుకునేది. చదువుకున్నవాళ్లు అలా ఊరుకుంటే జీతాలెవడిస్తాడు? అందుకని ఊళ్లో మ్యూజియం పెట్టారు.

అందులో నిలబెట్టడానికి ఆదిమానవుడు కావాల్సొచ్చాడు. అప్పటి డైరెక్టరు లోయంతా గాలించి, క్వారీలో రాళ్లు కొట్టే బొర్తోలో అనే మా తమ్ముడి మొహం ఎంచుకున్నాడు. సారా సీసాకి ఒప్పుకుని మావాడు అచ్చు కోసం మొహానికి ప్లాస్టరు వేయించుకున్నాడు. చిట్లిన పైపెదవితో సహా మైనంబొమ్మ తయారైంది. చేతులెత్తి ఉంది కాబట్టి పూజారన్నారు.

ఆ శీతాకాలమే కొండ మీంచి జారిన మంచు వాణ్ణి పట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. ఫొటో అంటే వాడికి గిట్టేది కాదు, పెళ్లి ఫొటోలో సైతం వెనక్కి తిరిగి ఎవర్నో తిడుతున్నాడు. మా మరదలు ఫౌస్తీనా ప్రతి ఆదివారం చర్చి నుంచి మ్యూజియానికి పోయి మొగుడి మొహం చూసుకునేది. పాపం, దానికి మిగిలింది అదొక్కటే.

ఈమధ్య కొత్త డైరెక్టరు దిగాడు. చేతులెత్తినవాళ్లు పూజారులు కారు, దేవతలని తేల్చాడు. తేల్చినవాడు కొత్త బొమ్మ చేయించుకోవచ్చుగా! మా తమ్ముడికే సవరం పెట్టి లంగా కట్టాడు, సిగ్గులేని మనిషి.

ఆ ఆదివారం ఫౌస్తీనాతో నేనూ వెళ్లాను.

“వదినా, ఈయన్ని ఇంటికి తీసుకుపోదాం,” అంది అది చూసి.

“అమ్మా, ఇది మ్యూజియం సొత్తు,” అన్నాడు అక్కడే ఉన్న డైరెక్టరు. “శాస్త్రం ప్రకారం...”

“మీ శాస్త్రానికేం లెండి. నిన్న పూజారిని చేసింది, ఇవాళ లంగా కట్టింది,” అన్నాను.

ఫౌస్తీనా ఇంటికెళ్లి, తమ్ముడు సైన్యంలో ఉన్నప్పుడు పెట్టుకున్న ఈకటోపీ తెచ్చింది. సవరం పీకేసి టోపీ పెట్టింది.

“తియ్యండి, ఆ కాలంలో అలాంటి టోపీల్లేవు,” అన్నాడు డైరెక్టరు.

“అయితే ఈయన ఆ కాలంవాడు కాడు. ఇచ్చెయ్యండి,” అంది ఫౌస్తీనా.

ఆదివారం కదా, గుమ్మం నిండా ఊరివాళ్లే. తమ్ముడితో క్వారీలో పనిచేసిన ముసలి తోనె తన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. మిగతావాళ్లూ తీశారు. తమ్ముడికి అంత్యక్రియలు జరిగింది అప్పుడే. డైరెక్టరు పక్కకి తప్పుకున్నాడు. నేను బొమ్మ తల తిప్పి ఊడదీశాను, ఫౌస్తీనా శాలువాలో చుట్టుకుంది.

తర్వాత ఆ మొండెం పక్కన కొత్త పలక వెలిసింది. పూర్వీకులు దేవతకి తల పెట్టేవారు కారట. ఫౌస్తీనా అది చూడ్డానికి పోలేదు. ఆదివారాలు ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది.