కారం మిషన్ కూత

నేను ఒక సైరన్‌ను. కరెంటుతో కూసే రకాన్ని కాదు, చేత్తో తిప్పితే కూసేదాన్ని. ముక్కాలిపీట మీద నిలబడతాను. పక్కనున్న పిడి తిప్పారంటే కడుపులో రెక్కలు గిర్రున తిరిగి, గాలిని ఒంటి మీది చీలికల్లోంచి బయటికి నెడతాయి. ఆ మీదట మైలు దూరం దాకా ఉన్న కుక్కలన్నీ నాకు వంత పాడతాయి. ఇప్పుడు మాత్రం మెల్లగానే మాట్లాడతాను, చెవులు మూసుకోకండి.

పుట్టింది ఇంగ్లండులో, సైకిలు గంటలు చేసే ఓ చిన్న కార్ఖానాలో. జర్మనీతో యుద్ధం వచ్చిపడగానే, ఇక గంటలు చాలు, సైరన్లు చెయ్యండని పైనుంచి హుకుం వచ్చింది. మగవాళ్ళు తుపాకులు పట్టుకుని పోయారు కాబట్టి నన్ను బిగించినవి ఆడవాళ్ళ చేతులు. నాకు నేర్పిన విద్యల్లా రెండే రెండు కూతలు. హెచ్చుతూ తగ్గుతూ కూస్తే, విమానాలొస్తున్నాయి, దాక్కోండి అని. ఒకే తీరుగా సాగదీసి కూస్తే, పోయాయి, ఇక బయటికి రండి అని. ఈ రెండు ముక్కలు చెప్పడానికి సముద్రాలు దాటి విశాఖపట్నం వచ్చాను.

అక్కడ నన్ను జగన్నాయకులు గారికి అప్పగించారు. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు, యుద్ధం పుణ్యమా అని వీధికి విమానదాడుల వార్డెను. నన్ను చూసి ఆయన పొంగిపోయాడు. రోజూ మిట్టమధ్యాహ్నం సాధన పేరుతో తిప్పేవాడు. పది రోజులు తిరిగేసరికి వీధి వీధంతా నన్ను గడియారం చేసేసుకుంది. నేను కూస్తే విస్తళ్ళు వేసేవారు.

నలభై రెండు ఏప్రిల్లో జపాను విమానాలు నిజంగానే వచ్చాయి. మాస్టారు చెమటలు కారుస్తూ తిప్పాడు, నేను ప్రాణం పెట్టి కూశాను. వీధంతా నిశ్చింతగా భోజనాలకి కూచుంది! "తినకండర్రా, కందకాల్లోకి దూకండి!" అని ఆయన గొంతు చించుకుంటుంటే, ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి, "చారు దాకా వచ్చాం, కాస్త ఆగండి మాస్టారూ," అంది. హార్బరు వైపు నుంచి ఢామ్మని వినబడ్డాక గానీ ఆవిడ చేతిలో గరిటె కింద పడలేదు. అదృష్టం బాగుండి మా వీధి మీద ఏమీ పడలేదు. మర్నాటికి బళ్ళు కట్టుకుని జనం పల్లెలకి పోయారు. ఖాళీ వీధిలో మాస్టారు, నేను మిగిలాం. ఆయన మానకుండా సాధన చేశాడు, పాపం.

యుద్ధం అయిపోయాక నా బతుకు పాత ఇనపకొట్టుకి చేరింది. సాటివాళ్ళు చాలామందే ఉన్నారక్కడ. ఓ జీపు ఉండేది, సైన్యాన్ని మోసిన గర్వం దానికి. దాన్ని ఎవరో కొనుక్కుపోయి పెళ్ళివారిని పదిహేనుమందిని ఎక్కించారు. పెట్రోలు డబ్బా మంచినీళ్ళు మోసింది. ఇనప టోపీ కోళ్ళకి నూకలు పోసే చిప్ప అయింది. విమానాల్ని దూరం నుంచే పసిగట్టే రాడారు నాకు అన్న వరస. వాడు చూస్తే నేను అరిచేదాన్ని. ఆ వంశంలోవాడే ఇప్పుడు డబ్బున్నవాళ్ళ వంటింట్లో మైక్రోవేవ్ పెట్టెగా కూచుని చల్లారిన పెసరట్టు వేడిచేస్తున్నాడట! నేనిప్పుడుంటున్న జాలర్ల షెడ్డులో నా పక్కనే జీపీఎస్ అనే దారిచూపే యంత్రాన్ని ఛార్జింగుకి పెడతారు. ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడుతుంది, మహా టెక్కు. అదీ సైన్యం ఇంటి బిడ్డే. పక్కవాడి పీక కొయ్యడానికి రాత్రింబవళ్ళు బుర్ర చించుకోవడం, తీరా అది ముగిశాక ఆ కత్తితోనే కూరలు తరుక్కోవడం, మనుషుల తీరే అంత.

షెడ్డుకి ఎలా వచ్చానంటారా? ఇరవై ఏళ్ళు తుప్పుపట్టాక, చినమూలపేట నుంచి దానయ్య అనే జాలరి వచ్చాడు. తెప్పకి లంగరు కోసం బరువైన ఇనుము కావాలన్నాడు. నన్ను ఎత్తి చూసి, "ఇది సాలు," అన్నాడు. ఇంగ్లండు నుంచి మునగకుండా వచ్చినదాన్ని, తాడు కట్టి ముంచేస్తారా!

కాపాడింది అతని పెళ్ళాం కాశమ్మ. నా పిడి, నా చీలికలు చూసి ఆమె కళ్ళు మెరిశాయి. "ఓలమ్మో, కారం పట్టే మిషనిది! లంగరేటి, నీ మొకం," అని మొగుణ్ణి కసిరి, తవ్వెడు ఎండుమిరపకాయలు నా కడుపులో పోసింది. పోసి, బలంగా తిప్పింది.

ఏం చెప్పను! ఇరవై ఏళ్ళ తరవాత గొంతు విప్పాను కదా, ఊరు అదిరిపోయింది. కారం మాత్రం గిన్నెలో పడలేదు, గాలిలో లేచింది. ఇరుగూ పొరుగూ, మేకలతో సహా, తుమ్ముతూ సముద్రం వైపు పరిగెత్తారు. అందరిలోకీ జోరుగా పరిగెత్తినవాడు కాశమ్మ మామ గురయ్య. "బాంబులు! బాంబులొచ్చీసినాయి!" అంటూ బోర్లించిన తెప్ప కిందికి దూరిపోయాడు. ఆయన నలభై రెండులో హార్బరులో కలాసీ. ఆనాడు నా కూతో, నా తోబుట్టువు కూతో విని పరుగందుకుంటే, ఆ పరుగు చినమూలపేటలో గానీ ఆగలేదట. మళ్ళీ పట్నం మొహం చూడలేదు. తలుపు కిర్రుమన్నా ఆకాశంకేసి చూసేవాడు. దానయ్య మండిపడ్డాడు. "రేపే దీన్ని సముద్రంలో పారేత్తాను," అన్నాడు.

మర్నాడు కాస్త బద్ధకించి నన్ను వదిలేసి, తెల్లారకముందే వేటకి పోయాడు. పొద్దెక్కేసరికి సముద్రం మీద మంచు కమ్మేసింది. చేయి చాపితే చేయి కనబడదు. ఆ ఊరి రేవుకి రెండు పక్కలా రాతిబండలున్నాయి, మధ్యలో తెప్ప పట్టేంత సందు. మెట్ట మీది తాటిచెట్టుని గుర్తుపెట్టుకుని జాలర్లు ఆ సందులోకి వస్తారు. ఆ రోజు తాటిచెట్టూ లేదు, మెట్టా లేదు. మూడేళ్ళ కిందట ఇలాంటి మంచులోనే కాశమ్మ తమ్ముడి తెప్ప ఆ బండలకి కొట్టుకుంది. అతను తిరిగి రాలేదు.

ఒడ్డున ఆడవాళ్ళు కేకలేశారు, పళ్ళేలు వాయించారు. కెరటాల హోరులో ఏదీ సముద్రం మీదికి పోవటం లేదు. కాశమ్మ ఇంటికి పరిగెత్తి, నన్ను చంకనెత్తుకుని వచ్చి, సందుకి సూటిగా ఇసకలో నిలబెట్టింది. తిప్పింది. ఒక్కత్తే కదా, చెయ్యి లాగినప్పుడల్లా నా గొంతు పడిపోయేది, మళ్ళీ లేచేది. హెచ్చుతూ, తగ్గుతూ. దాక్కోండి అనే కూత అది. నాకే సిగ్గేసింది.

గురయ్య దూరంగా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు.

"మావా, సెయ్యెయ్యి! నా వల్ల అవటం నేదు!"

"నా వల్ల కాదమ్మీ... ఆ కూత నేనినలేను..."

"నీ కొడుకు మావా, బండల కాడున్నాడు!"

గురయ్య వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకునే వచ్చాడు. కోడలి చేతుల మీద తన చేతులు వేశాడు. నాలుగు చేతులు పడేసరికి నా గొంతు ఎక్కడా జారలేదు. ఒకే తీరుగా, నిండుగా సాగింది. ఇక బయటికి రండి అనే కూత అది. ఎంతసేపు తిప్పారో నాకు తెలీదు, నా ఇరుసు కాలిపోయింది. మంచులోంచి ముందు ఒక తుమ్ము వినబడింది, నా కడుపులో మిగిలిన కారం ఘాటు అంత దూరం పోయింది కాబోలు. తరవాత తెప్ప ముక్కు కనబడింది, సరిగ్గా సందు మధ్యలో.

కాశమ్మ పిడి వదిలేసి నీళ్ళలోకి పరిగెత్తింది. దానయ్యని వాటేసుకుని, వీపు మీద దబదబా బాదుతూ ఏడ్చింది. గురయ్య మాత్రం ఆపలేదు. తిప్పుతూనే ఉన్నాడు.

"అయ్యా, వొచ్చీసినాను గదా, ఇక ఆపు," అన్నాడు దానయ్య.

గురయ్య కళ్ళు తెరిచాడు. "ఉండ్రా, ఇననీ," అన్నాడు. "ఆ రోజు ఈ కూత ఇనకండా పారిపోయొచ్చీసినాను."