పెద్దమ్మ చిగుళ్ల కణాలు

సౌభాగ్యలక్ష్మి పెద్దమ్మ నోరు ఊరుకునేది కాదు. రాయచూరులో సహన చదువుతున్న దంతవైద్య కళాశాలలో ఆమెకు జ్ఞానదంతం పీకినప్పుడు, దాంతోపాటు వచ్చిన చిగురు ముక్కను సహన అడిగి తీసుకుంది. చెల్లెలి కూతురు అడిగితే కాదంటుందా? ఆ ముక్కలోని కణాలను సీసాలో పెంచుతున్నారని తెలిశాక, శక్తినగర్ క్వార్టర్లలో పెద్దమ్మ చెప్పని ఇల్లు లేదు.

"నా ముక్క కాలేజీల బతికే ఉందమ్మా! మా ఇంటాయన చేసే కరెంటుతోనే దానికి ఎచ్చగ పెడ్తున్నరు" అని గొప్పలు పోయేది. పెద్దనాన్న ఉద్యోగం అక్కడి విద్యుత్కేంద్రంలో మరి.

సహన చదువు ముగియాలంటే ఒక సంగతి తేల్చాలి. పిప్పిపళ్లలో నింపడానికి కొత్తగా వచ్చిన సిమెంటు చిగుళ్లకు హాని చేస్తుందా, చేయదా? ఒక పళ్లెంలో కణాలను ఊరికే ఉంచుతారు. ఇంకో పళ్లెంలో అవే కణాల పక్కన సిమెంటు బిళ్ల పెడతారు. రెండింట్లోనూ ఒకేలా బతికితే సిమెంటు మంచిదన్నట్టు. సహన పళ్లాల్లో ఒకేలానే బతికాయి. కాకపోతే రెండింట్లోనూ అంతంతమాత్రంగానే బతికాయి. వేడి సరిచూసుకుంది, కణాలు పెరిగే మందునీళ్లు మార్చింది, తన చేయే మంచిది కాదేమోనని తిట్టుకుంది.

"రెండూ సమానంగా ఉన్నాయి కదమ్మా, ఇంకా అనుమానమెందుకు?" అన్నారు గురువు గురురాజ్ గారు. వచ్చే వారం మస్కిలో బడిపిల్లల పళ్లకు ఆ కొత్త సిమెంటే నింపాలని ఆయన ఉత్సాహం. సహన ఊ అనడమే తరువాయి.

ఆదివారం పొద్దున్నే మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని, చదువు గట్టెక్కబోతోందని పెద్దమ్మకు కబురు చెబుదామని సహన శక్తినగర్ వెళ్లింది. పెద్దమ్మ పెరట్లో పీట మీద కూర్చుని, వేలితో చిగుళ్లకు నల్లపొడి పట్టిస్తోంది.

"ఏంది పెద్దమ్మా అది?"

"పండ్లపొడేనే. మిశ్రి."

సహన డబ్బా అందుకుని వాసన చూసింది. పెనం మీద మాడ్చి నూరిన పొగాకు!

"పొగాకు అలవాటుందా అని అడిగితే లేదంటివి గదా!"

"లేదు మరి! నేనేమన్న నములుతున్ననా, బీడీ తాగుతున్ననా? ఛీ! గిది పండ్లు తోముకునేది. పెండ్లయిన కొత్తల పండ్లనొప్పొస్తే మా అత్త అలవాటు చేసింది."

పెద్దమ్మ అబద్ధమాడలేదు. పొగాకు పేరెత్తితేనే ఆమెకు రోత. తప్పంతా సహనదే. వేరే వాళ్లనైతే మిశ్రి సంగతి విడిగా అడుగుతుంది. సొంత పెద్దమ్మను అడగాలని తోచలేదంతే.

మెట్టు మీద కూలబడింది. పొగాకుతో ముందే దెబ్బతిన్న కణాలవి. సిమెంటు వాటినేం చేసిందో, చేయలేదో వాటితో చెప్పించడం కుదరదు. ఈ మాట బయటపడకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అంతలోనే మస్కి పిల్లల నోళ్లు తలపుకొచ్చి సిగ్గేసింది. ఉన్నదున్నట్టు పెద్దమ్మకు చెప్పేసింది.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే నా ముక్క పనికిరాదా?"

"రాదు పెద్దమ్మా. మొదటి నుంచి సరిగ పెరుగుతనే లేదు."

పెద్దమ్మ నోరు పుక్కిలించి, కొంగుతో తుడుచుకుని, నెమ్మదిగా అంది. "సీసాల ఉన్నదీ నాదే, నోట్ల ఉన్నదీ నాదే గదనే. ఆడ గట్ల సస్తుంటే, ఈడెట్లుందో ఒక్కపారి చూడాలె అనిపించలేదా నీకు?"

సహన లేచి పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. మూడు నెలలుగా ఆ కణాలను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తూనే ఉంది. ఆ మనిషి వైపు మాత్రం చూడలేదు. ఫోన్ లైటు వేసి, "నోరు తెరువు పెద్దమ్మా" అంది.

కింది పెదవి లోపల, పొడి నిలిచే చోట, తెల్లగా ముడతపడిన మచ్చ. ఇలాంటివే ఒక్కోసారి క్యాన్సర్‌గా మారతాయని సహన చదువుకుంది.

"ఏముందే?" పెద్దమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"తెల్లగుంది. ఏందో చూపించాలె. మిశ్రి మాత్రం ఇయ్యాల్టితోని బంద్."

అక్కడి నుంచే గురురాజ్ గారికి ఫోన్ చేసింది. "సార్, నా ఫలితం చెల్లదు. కణాలే మంచివి కావు. మస్కి పిల్లలకు పాత సిమెంటే వాడండి."

ఆయన విసుక్కున్నారు. "మరి నీ చదువు? మళ్లీ మొదటికొస్తుంది కదా!"

"రానీండి సార్. రేపు మా పెద్దమ్మను తీసుకొస్తున్నాను."

"మళ్లీ ముక్క తీయడానికా?"

"అవును సార్." పెద్దమ్మ చేయి ఆమె మణికట్టు మీదే ఉంది. "ఈసారి ఆమె కోసం."