పడవకు అక్షింతలు

సముద్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఓడకు నీళ్లు ఎంత అడ్డం పడతాయో లెక్కగట్టే చోట నేల తుడిచేదాన్ని. శంషాబాద్ దగ్గర సాతంరాయి దాటాక బెంగళూరు రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. దాని వెనకవైపు రేకుల షెడ్డు, షెడ్డులో రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత పొడుగు సిమెంటు తొట్టి. తొట్టి గోడల మీద పట్టాలు, పట్టాల మీద ఒక బండి. ఓడకు నమూనాగా చేసిన, నా ఎత్తంత పొడుగున్న పసుపుపచ్చ పడవను ఆ బండికి కట్టి నీళ్లలో లాగుతారు. లాగడానికి ఎంత బలం పట్టిందో కంప్యూటర్ రాసుకుంటుంది. ఆ చిన్న పడవ అంకెను బట్టి పెద్ద ఓడ ఎంత డీజిల్ తాగుతుందో చెప్పొచ్చట.

సముద్రం లేని ఊళ్లో ఓడల తొట్టి ఏమిటని ఎవరైనా నవ్వితే, దాన్ని కట్టించిన ఉమామహేశ్వర్ సార్ నవ్వేవారు కాదు. ఆయనది కాకినాడ. "నీళ్లకు ఊరేం తెలుస్తుందండీ" అనేవారు.

మా జానుకు అప్పటికి మూడేళ్లు నిండలేదు. అది తుమ్మితే నిమోనియా అనుకునేదాన్ని, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందని భయపడేదాన్ని. అలాంటిదాన్ని, నిండు తొట్టి పక్కన పిల్లను పెట్టుకుని పనిచేశాను. పాత చీరను పొడుగ్గా చింపి ఒక కొస దాని నడుముకు, ఇంకో కొస నా నడుముకు కట్టుకున్నాను. నేను ఇటు తుడుస్తుంటే అది అటు లాగేది. మా ఆయన చందు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనికి పోతాడు. అంగన్‌వాడీ ఒంటిగంటకే మూసేస్తారు. శంషాబాద్‌లో నేను తిరిగిన ప్రతి ఇంట్లోనూ పిల్లతో వస్తే పని లేదన్నారు. సార్ ఒక్కరే, "తీసుకురండమ్మా, కానీ పడవ నడిచేటప్పుడు పాప తుమ్మకూడదు" అన్నారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు అంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఉద్యోగమే 2012 దసరా ముందు ఊగిసలాడింది. పడవ అంకె ఏ రోజూ కుదురుగా రావడం లేదు.

"జంగయ్యగారూ, అదే పడవ, అదే వేగం, అవే నీళ్లు" అన్నారు సార్ తల పట్టుకుని. "మొన్న ఒక అంకె, నిన్న ఒక అంకె, ఇవాళ ఇంకొకటి. ఎలా సాధ్యమండీ ఇది?"

జంగయ్య కాక బండి నడిపే మెకానిక్. ఆయన బీడీ చెవి వెనక పెట్టుకుని, "మా బర్రె గూడ గంతే సార్. ఒక్కోపూట ఒక్కోతీరు నడుస్తది" అన్నాడు.

సార్‌కు బర్రె మాట నచ్చలేదు. పైన విమానం దిగుతుంటే షెడ్డు రేకులు అదిరాయి. సార్ చటుక్కున తలెత్తి చూశారు. ఆ రోజు నుంచి తప్పంతా విమానాలదే అయింది. వచ్చే విమానాలు, పోయే విమానాలు టైముతో సహా గోడకు అంటించారు. నా చేతికి ఒక విజిల్ ఇచ్చి గుమ్మంలో నిలబెట్టారు. విమానం కనపడితే ఒకసారి ఊదాలి, పోయాక రెండుసార్లు. నేను ఊదగానే కాక బండి ఆపేవాడు. జాను ఆకాశం చూసి "పోయింది" అనేది. మళ్లీ నీళ్లు నిమ్మళించేదాకా పదిహేను నిమిషాలు ఎవరూ కదలకూడదు. ఈలోపు ఇంకో విమానం వచ్చేది. కొన్ని రోజులు పడవ అసలు నడిచేదే కాదు, నేను ఊదుతూనే ఉండేదాన్ని.

దసరా తర్వాతి సోమవారం విశాఖపట్నం ఓడల ల్యాబు నుంచి పెద్దవాళ్లు వచ్చి చూస్తారని కబురొచ్చింది. అంకె కుదిరితే తొట్టి ఉంటుంది. కుదరకపోతే నీళ్లు తోడేసి, పూడ్చేసి, షెడ్డును స్కూటర్ స్టాండు చేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశారు. చెప్పి ఊరుకోలేదు, షెడ్డు నేల మీద సుద్దతో గీతలు కూడా గీయించారు. ఒక్కో గీత మధ్య ఒక్కో స్కూటర్. ఆ గీతలు తుడుస్తానంటే వద్దన్నారు. రోజూ నేను వాటిని తప్పించి తుడిచేదాన్ని. స్కూటర్లకు పసిపిల్ల తల్లితో పనేముంటుంది?

సార్ పండుగకు కాకినాడ పోయారు. ఆయుధపూజ నాడు కాలేజీలో మెషీన్లన్నిటికీ బొట్లు పెట్టారు. బస్సులకు, జనరేటర్‌కు, ఆఖరికి ఆఫీసులో జిరాక్స్ మెషీన్‌కు కూడా. మేము తొట్టి బండిని కడిగి బంతిపూల దండ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అన్నీ అయ్యాక చూస్తే, గొలుసుకు వేలాడుతున్న పడవ ఒక్కటే బోసిగా ఉంది.

"కాకా, మరి పడవకు?"

"సార్ ముట్టొద్దన్నడు బిడ్డా."

"అన్నిటికి పెట్టి దీన్నొక్కదాన్ని ఇడిచిపెడ్తే ఎట్ల? దిష్టి తగిలిందే దీనికి. అందుకే గిట్ల ఎటుబడితే అటు అంకెలు జెప్తుంది."

కాక కాసేపు ఆలోచించాడు. "నిజమే. కానీ నీళ్లల్ల తిరిగేటిది. ఉత్త పసుపు వెడితే ఆగుతదా? అక్షింతలు నీళ్లల్ల రాలిపోతే మంచిది గాదు" అని లోపలికి పోయి, నీళ్లకు ఊడని చెక్కబంక తెచ్చాడు. దాంట్లో పసుపు కలిపాడు.

మా ఇంట్లో జానుకు రెండు బుగ్గలకూ చుక్క పెడతాను, ఒకవైపే పెడితే రెండోవైపు నుంచి దిష్టి తగులుతుందని. పడవకూ అంతే చేశాను. ముక్కు దగ్గర పైనుంచి కిందికి, రెండువైపులా బంక చుక్కలు. ముగ్గు వేసే అలవాటు కదా, సమానంగా దూరం వచ్చాయి. ఒక్కో చుక్కలో ఒక్కో అక్షింత ఒత్తాను. ఇటు పదకొండు, అటు పదకొండు. పసుపు అక్షింతలు పసుపు పడవలో కలిసిపోయాయి, నా కళ్లకే సరిగ్గా కనపడలేదు. చివరికి వెనకవైపు జాను కాటుక డబ్బీలోంచి ఒక నల్లచుక్క కూడా పెట్టాను. జాను చప్పట్లు కొట్టింది. పండుగ అయ్యాక కాక పడవను నీళ్లలోకి దించాడు.

శుక్రవారం సార్ కాజాల డబ్బాతో వచ్చి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పడవ నడిచింది. మళ్లీ నడిచింది. ఆరుసార్లు నడిచింది. ఆరుసార్లూ ఒకటే అంకె.

"చూశారా! నేను చెప్పలేదూ? విమానాలేనండీ!" అని సార్ లేచి నిలబడ్డారు. ఏడోసారి నడుస్తుండగా, నేను కాజా తింటూ విజిల్ ఊదడం మరిచిపోయాను. నెత్తి మీదినుంచి ఇంత పెద్ద విమానం పోయింది. అంకె మారలేదు.

"అది చిన్న విమానం లెండి" అన్నారు సార్.

నేను నవ్వబోయేదాన్నే. ఇంతలో సార్ వేలు చూపించి, "సోమవారం దాకా పడవను ఎవరూ తాకకూడదు. దాని ఒంటి మీద వెంట్రుకంత మరక ఉన్నా లెక్క మొత్తం తప్పు. తాకినవాళ్లకు ఈ షెడ్డులో అదే ఆఖరి రోజు" అన్నారు.

మిగిలిన కాజా జాను చేతిలో పెట్టేశాను. వెంట్రుకకే ఇంత అంటే, ఇరవై రెండు బియ్యపు గింజలకు ఎంత? పైగా అంకె ఇదివరకటికన్నా పెద్దగా వస్తోందని సార్ ఏదో రాసుకుంటున్నారు. ఇన్నాళ్లూ ఇష్టమొచ్చినట్టు తిరిగిన అంకె ఒక్కసారిగా కదలకుండా నిలిచిందంటే, నేనే పడవకు పక్షవాతం తెప్పించానని తేల్చుకున్నాను. విశాఖ వాళ్లు వస్తారు, వంగి చూస్తారు, గింజలు కనపడతాయి. సార్ పరువు పోతుంది, తర్వాత నా పని పోతుంది.

శనివారం సార్ భోజనానికి పోగానే కాక కాళ్లావేళ్లా పడ్డాను. "జర పైకి లేపు కాకా, తీసేస్త."

"పెట్టేటప్పుడు నువ్వే, తీసేటప్పుడు నువ్వే. దిష్టి మళ్ల తగిలితే?"

"నా బిడ్డ మొఖం చూడు కాకా."

కాక జాను ముఖం చూశాడు. అది నాలుక బయటపెట్టింది. ఆయన గొణుక్కుంటూ గొలుసు లాగాడు. నేను చెంచాతో గీకాను, గోళ్లతో గీకాను, బంకంతా పోయేదాకా తుడిచాను. పడవ ముక్కు అద్దంలా అయింది. అక్షింతలను చెత్తలో వేయలేం, కాళ్ల కింద పడనీయలేం. ఇరవై రెండింటినీ కొంగున ముడివేసుకున్నాను. గాభరాలో వెనకవైపు కాటుక చుక్క సంగతే మరిచిపోయాను.

సోమవారం పొద్దున సార్ కొత్త చొక్కా వేసుకొచ్చారు. పదకొండింటికి విశాఖ వాళ్లు వస్తారు కదా, ఒకసారి సరిచూసుకుందామని తొమ్మిదింటికే పడవను నడిపించారు. మొదటి అంకె తక్కువ. రెండోది ఎక్కువ. మూడోది ఎక్కడికో పోయింది.

సార్ గోడ మీది టైములు చూశారు, ఆకాశం చూశారు, నన్ను చూశారు. "సరితా, మీవారికి ఫోన్ చేయండమ్మా. ఎయిర్‌పోర్టులో కొత్త విమానమేదైనా వేశారేమో కనుక్కోండి."

చందుకు ఫోన్ చేశాను. "కొత్తది ఏస్తే నన్నడిగి ఏస్తరా?" అన్నాడు. మళ్లీ తనే, "వైజాగ్ విమానం మాత్రం లేటని అంటున్నరు" అన్నాడు.

సార్ కుర్చీలో కూలబడ్డారు. "పోనీలెండి. స్కూటర్లే పెట్టుకోనివ్వండి" అన్నారు. కొత్త చొక్కా అంతా చెమట. ఆ మనిషిని అలా చూడలేకపోయాను. ఎలాగూ పని పోయింది, నిజం దాచుకుని ఏం చేసుకుంటాను?

"సార్, తప్పు విమానాలది గాదు. నాది." జాను తాడు లాగుతోంది. "పండుగనాడు పడవకు బొట్టు పెట్టిన సార్. శుక్రారం గవి ఉండంగనే నడిచింది. మీరు తిడ్తరని శనారం గీకేసిన. ఇగో." కొంగుముడి విప్పి ఆయన ముందు పెట్టాను.

సార్ గింజల వైపు చూశారు. ఒకటి తీసి వెలుగుకు పట్టి చూశారు. "ఎక్కడ పెట్టారు?"

"ముక్కు కాడ సార్. ఇటు పదకొండు, అటు పదకొండు."

ఆయన లేచి గబగబా చేతులు కడుక్కునే పంపు దగ్గరికి నడిచారు. తిడతారో కొడతారో తెలియక జానును ఎత్తుకుని వెనకే పోయాను. ఆయన పంపు కొంచెం తిప్పారు. నీళ్లు గాజుపుల్లలా సన్నగా, కదలకుండా పడ్డాయి. ఇంకొంచెం తిప్పారు. గరగరమంటూ నురగతో చెదిరాయి.

"చూశారా అమ్మా?"

"రోజూ చూస్త సార్. గిన్నెలు తోమేటప్పుడు."

"పెద్ద ఓడ చుట్టూ నీళ్లు ఎప్పుడూ ఇలా చెదిరే పోతాయి. మన చిన్న పడవ దగ్గర మాత్రం కాసేపు గాజులా జారతాయి, కాసేపు చెదురుతాయి. వాటిష్టం. అందుకే అంకె నిలవదు. ముక్కు దగ్గరే వాటికి ఏదైనా అడ్డం తగిలించాలి, అప్పుడు ప్రతిసారీ ఒకేలా చెదురుతాయి. పుస్తకాల్లో ఇసుక అంటించమనో, మేకులు దిగ్గొట్టమనో రాస్తారు. మన పడవకు అక్కర్లేదని నేనే వదిలేశాను." ఆయన తన నెత్తిన తానే మొట్టుకున్నారు. "వదిలేసి మూడు నెలలు విమానాలను తిట్టాను!"

"గందుకే బొట్టు వెట్టినం సార్" అన్నాడు కాక, అంతా తనకు ముందే తెలిసినట్టు.

"మళ్లీ అక్కడే పెట్టగలరా అమ్మా?"

కడుపున పుట్టినదానికి రోజూ పెట్టే చెయ్యి. కళ్లు మూసుకుని కూడా పెడతాను. కానీ తొందరలో రెండు గింజలు జారాయి. జాను ఒకటి ఏరి ఇచ్చింది, ఇంకోటి మింగింది. బదులుగా పూజ సామాన్ల డబ్బాలోంచి ఇంకో గింజ తెచ్చుకున్నాను. మింగిన గింజకు బంక అంటిందేమోనని నేను దాని నోట్లో వేలు పెట్టి చూస్తుంటే, "బంక అరగంట ఎండాలె" అని కాక పిడుగులాంటి మాట అన్నాడు. టైము పదకొండు కావస్తోంది.

ఫోన్ మోగింది. చందు. "వైజాగ్ విమానం వచ్చింది గాని దిగడానికి జాగ లేదంట. పైనే తిరుగుతుంది."

"తిరగనివ్వండి!" అని సార్ అరిచారు. "హాయిగా తిరగనివ్వండి!"

షెడ్డు మీద విమానం చుట్లు కొట్టింది, రేకులు అదిరాయి. ఎవరూ విజిల్ ఊదలేదు. బంక ఆరాలని సార్ ఫైలుతో విసిరారు, కాక తువ్వాలతో విసిరాడు, జాను ఉమ్ము పడకుండా ఊదమంటే ఉమ్ముతో సహా ఊదింది.

వచ్చినవాళ్లలో పెద్దావిడ పొడుగాటి మేడమ్. పడవ ఐదుసార్లు నడిచింది. అంకె మేకు కొట్టినట్టు నిలబడింది. ఆమె పడవను పైకెత్తించి, కళ్లజోడు సర్దుకుని, ముక్కు దగ్గర వంగారు. నేను జానును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది "అబ్బా" అంది.

"ఇవేమిటి? ఏం పదార్థం వాడారు?"

సార్ గొంతు సవరించుకున్నారు. "బియ్యమండీ. రేషను బియ్యం."

"దూరం అన్నిచోట్లా సరిగ్గా ఒకేలా ఉంది. ఎవరు అంటించారు?"

సార్ నా వైపు చెయ్యి చూపించారు. నేను చీపురు వెనక దాక్కోవాలని చూశాను కానీ చీపురు సన్నగా ఉంది. మేడమ్ నా చేతులు చూసి, "మా దగ్గర ముగ్గురు కలిసి చేసినా వంకర పోతుందమ్మా" అన్నారు. తర్వాత పడవ వెనక్కి వెళ్లి ఆగారు. "మరి ఈ నల్లచుక్క?"

నా ప్రాణం పైకే పోయింది. ఆ చుక్క సంగతి సార్‌కు కూడా చెప్పలేదు.

సార్ చుక్కను చూశారు, జాను బుగ్గ మీది చుక్కను చూశారు. "కొలతకు గుర్తండీ" అన్నారు.

మేడమ్ రాసుకున్నారు.

వాళ్లు పోయాక ప్రిన్సిపాల్ వచ్చి, తొట్టి ఇంకో మూడేళ్లు ఉంటుందని కొంచెం నిరుత్సాహంగా చెప్పారు. సార్ నా దగ్గరికి వచ్చారు. "సరితా, ఇకనుంచి ఈ బొట్ల పని మీదేనండి. గింజలన్నీ ఒకే సైజువి ఏరాలి. కొలిచే పరికరం నేనిస్తాను. ముందు మాత్రం ఆ గీతలు తుడిచేయండి."

బకెట్‌లో నీళ్లు తెచ్చి, కింద కూర్చుని ఒక్కో గీతా తుడిచాను. జాను వెనకే వచ్చి, నేను తుడిచిన ప్రతి చోటా చూసి "పోయింది" అంది.