మూత మీద రాత

ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. కణాలు పెంచే ప్లేటు అడుగున పేరు రాయాలి, మూత మీద రాయకూడదు. మూతలు తీస్తాం, పెడతాం, ఏది దేనిదో మారిపోతుంది. పన్నెండేళ్లుగా ఈ మాట పదిమందికి చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టించుకున్న మనిషే, ఆ సోమవారం రెండు ప్లేట్లకీ మూతల మీదే రాసింది. అక్కకి మళ్లీ ఆయాసం ఎక్కువైందని అప్పుడే ఫోనొచ్చింది. చెయ్యి ఎక్కడ రాస్తోందో బుర్రకు తెలిస్తేగా!

ఒక ప్లేటులో ఊపిరితిత్తుల క్యాన్సరు కణాలు, రెండోదాంట్లో ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల కణాలు. రెండింటిలోనూ ఒకే మందు వేసింది. మందంటే మరేం కాదు, మురుగుకాలువ బురదలో దొరికిన ఒక సూక్ష్మజీవి తన పక్కవాళ్లను దగ్గరికి రానీయకుండా తయారుచేసుకునే పెప్టైడు, ప్రొటీనులో చిన్న ముక్కలాంటిది. గురువారానికి ‘క్యాన్సరు’ అని రాసిన ప్లేటులో అన్నీ చచ్చాయి. ‘మంచివి’ అని రాసినదాంట్లో అన్నీ బతికాయి. ఆమె ఎగిరి గంతేసి, ప్లేట్లు బ్లీచులో పారేసి, ముందు అక్కకే ఫోన్ చేసింది.

"నీ పురుగులు గెలిచాయా? అయితే పట్రావే. ఎలుకలూ కోతులూ అంటూ కూర్చోకు, నేనే మీ ఎలుకని" అంది అక్క, దగ్గుకీ దగ్గుకీ మధ్య.

అక్కది ఊపిరితిత్తుల క్యాన్సరే. డాక్టర్లు చేతులెత్తేసి అప్పటికి రెండు వారాలు. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి తనను చదివించిన అక్క! ఆ మందు సీసా ఒకటి సంచీలో దాచుకుని చెల్లెలు బయలుదేరింది.

గుమ్మం దగ్గర ప్రయోగశాల పెద్దాయన ఎదురై, అందరినీ అడిగినట్టే అడిగారు. "ప్లేట్ల అడుగునే రాశావుగా?"

"రాశానండీ" అంది. అనేశాక గుర్తొచ్చింది, రాసింది మూతల మీద. మధ్యలో కణాలకు ఆహారం మార్చినప్పుడు రెండు మూతలూ ఒకేసారి తీసి పక్కన పెట్టింది. తిరిగి ఏది దేనికి పెట్టింది? ఎంత తల బాదుకున్నా గుర్తు రాలేదు. మూతలు మారి ఉంటే, ఈ సీసా చంపేది మిగిలిన మంచి ఊపిరితిత్తినే.

ఇంట్లో అక్క జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని సిద్ధంగా ఉంది. బావ వెనక కూర్చుని ఆమెను పట్టుకున్నాడు. చెల్లెలు ఏదీ దాచకుండా మొత్తం చెప్పేసింది.

"సగం సగం అన్నమాట. నాకది చాలు. ఎక్కించెయ్."

"మూడు రోజులాగక్కా. మళ్లీ చేసి చూస్తాను."

"మూడు రోజులు ఆగగలిగితే నాకు నీ మందెందుకే?"

"అంతగా అడుగుతోంది కదమ్మా, ఇచ్చెయ్యి" అన్నాడు బావ. ఆయన ఏడుస్తున్నాడు.

ఆమె సూది విప్పింది, మళ్లీ మూసింది. ఇవ్వలేకపోయింది. అక్క మడిచిన చెయ్యి కిందికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

చెల్లెలు ప్రయోగం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అడుగున రాసింది, పక్కల రాసింది, కసికొద్దీ మూతల మీదా రాసింది. రెండో రోజు అక్క పోయింది. మూడో రోజు చెల్లెలు, ఎవరు వద్దన్నా వినకుండా, ప్రయోగశాలకు వెళ్లింది.

క్యాన్సరు కణాలన్నీ చచ్చి ఉన్నాయి. మంచివి నిక్షేపంగా ఉన్నాయి. మూతలు మారనే లేదు.

ప్లేటులో చచ్చినంత మాత్రాన మనిషిలో చస్తాయని కాదు, ఇంకా పదేళ్ల పని ఉంది అన్నారు పెద్దాయన, ఆనందం పట్టలేక ఆ ప్లేట్లనే మళ్లీ మళ్లీ చూస్తూ. ఆ సంగతి ఆమెకు తెలియదా? తెలిసి ఏం లాభం, గుండె ఒప్పుకోవాలిగా. గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

బావ ఫోన్ చేశాడు. "ఏమైందమ్మా? పనిచేసిందా?"

ఆమె ప్లేట్లవైపు చూసింది.

"లేదు బావా. మూతలు మారాయి. అది మంచివాటినే చంపింది."



"పోన్లేమ్మా" అన్నాడు బావ. "నువ్వు ఇవ్వకపోవడమే మంచిదైంది. నిన్నట్నుంచీ నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఏమనుకోకు."