పోసవ్వ కండ్ల కింది నలుపు

బాన్సువాడలో ఏ ఆడమనిషికైనా కండ్ల కింద నలుపు పడితే, పొద్దున పని తెమలగానే వచ్చి మెహరాజ్ బేగం అరుగు మీద కూర్చునేది. బేగం పద్ధతి ఒకటే. కుడి కంటికి ఒక మందు, ఎడమ కంటికి ఇంకో మందు. కుడి పక్క బాదం నూనె రాస్తే, ఎడమ పక్క మీగడలో రంగరించిన మంచిగంధం. కొన్నాళ్లయ్యాక మొహం ఎండకు తిప్పించి, దారిన పోయేవాళ్లను పిలిచి ఏ కన్ను నయమో చెప్పమనేది. చెప్పడానికి జనానికి కొదవా! ఉప్పు కోసం బజారుకు బయలుదేరినవాళ్లు కూడా ఆగి, కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ అని వాదులాడుకుని, ఉప్పు మరిచి ఇళ్లకు పోయేవారు.

ముడతలకు బాదం నూనె మేలనీ, నలుపుకు గులాబీ నీళ్లలో నానిన గుడ్డ మేలనీ ఆ అరుగు మీదే తేలింది. నిజామాబాద్ నుంచి ఎవరో తెచ్చిన సీసా మందు మంట పుట్టించడం తప్ప ఏమీ చేయదని కూడా అక్కడే తేలింది. నవ్వితే పడే ముడతల జోలికి మాత్రం బేగం పోయేది కాదు. "అవి ఖుషీతోని వచ్చినయి, ఉండనీయ్" అని పంపించేసేది.

నలుపు సంగతి వేరు. తుడిచిన నలుపు ఊరికే పోదు. ఎవరి కోసం ఎదురుచూస్తే అది పడిందో, వాళ్ల కండ్ల కిందికే పోయి చేరుతుంది. ఇది ఊరందరికీ తెలిసిందే. ముసలి గంగవ్వకు తుడిస్తే, మద్నూర్ అంగట్లో అమ్మేసిన ఆమె బర్రెకు పోయింది. నల్ల బర్రెకు నలుపెలా కనబడిందని మీరు అడగొచ్చు. దాన్ని కొన్న మనిషికి కనబడింది. అది మేత ముట్టకుండా బాన్సువాడ దిక్కే చూస్తుంటే, తోలుకొచ్చి గంగవ్వ గుమ్మంలో కట్టేసి పోయాడు.

పోసవ్వ భర్త ముత్తెన్న వానలు లేని కాలంలో బొంబాయి మిల్లుకు పోయాడు. తర్వాత నిజాంసాగర్ కాలువ వచ్చింది. పోసవ్వ చేనులో వరి పండింది. ముత్తెన్న మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి పోసవ్వ కోడి కూయకముందే లేచి కాలువ గట్టు మీద కూర్చునేది. ఆమె వంతు నీళ్లు పొద్దెక్కితే గాని రావు. అంత ముందే ఎందుకని ఎవరైనా అడిగితే, "పండరి బావది మొద్దునిద్ర. లేపకపోతే తూము ఎవలు తీస్తరు?" అనేది.

పండరి కాలువ నీళ్లను పొలాలకు పంచే నీరటి. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, నిద్రకు పెట్టింది పేరు. నిలబడి కూడా నిద్రపోగలడని ఊరంతా ఆటపట్టించేది. లేచాక పోసవ్వతో నాలుగు మాటలు మాట్లాడి, ఆమె మడిలోకి నీళ్లు మళ్లించి పోయేవాడు. అంతకు మించి వాళ్ల మధ్య ఏమీ లేదు.

ఒకనాడు బొంబాయి నుంచి వచ్చిన గఫూర్ కబురు తెచ్చాడు. ముత్తెన్న శుక్రవారం మోటారు బస్సుకు వస్తున్నాడట. పోసవ్వ పరుగున బేగం దగ్గరికి పోయింది.

"ఖాలా, మొత్తం తీసెయ్యాలె. ఆయన దిగేటాలకు నా మొకం మంచిగుండాలె."

"తీస్త బేటీ. తీస్తే ఆయనకు పోతది, ఎరుకేనా?"

"పోనీయ్. గిన్నేండ్లు నేను మోసిన. ఇగ ఆయన మొయ్యాలె."

బేగం తుడిచింది. గుడ్డంతా దీపం మసిలా నల్లబడింది, పోసవ్వ మొహం తేటపడింది. ఆ సంబరంలో రెండు రోజులు కాలువ గట్టుకు కూడా పోలేదు. ఇంకా ఆమె చేసిన తప్పేమిటంటే, ముత్తెన్న కండ్లు చూద్దురు రమ్మని ఊరందరికీ చెప్పింది.

శుక్రవారం మోటారు ఆగేచోట తిరునాళ్లంత జనం. ముత్తెన్న దిగాడు. కొంచెం ఒళ్లు చేశాడు. అందరూ మెడలు చాచి అతని కండ్లలోకి చూశారు. ఒక్క మచ్చ లేదు.

"దారిపొంట మంచిగ నిద్రవట్టింది" అన్నాడు ముత్తెన్న నవ్వుతూ.

గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోసవ్వకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్లు తను చూసిన ఎదురుచూపు ఎవరికీ చెందనిదా? మరి ఆ నలుపు ఎటు పోయినట్టు?

ముత్తెన్న చెడ్డవాడు కాదు. ఆమె పెట్టిన రొట్టె తిని, బొంబాయిలో గది చూశానని, రేపే పోదామని, సామాన్లు కట్టుకోమని చెప్పాడు. పోసవ్వ సరేనంది. తెల్లవారి, చేనును ఆఖరిసారి చూసుకుందామని కాలువకు పోయింది.

పండరి మేలుకుని ఉన్నాడు. గట్టు మీద కూర్చుని ఆమె వచ్చే దారి చూస్తున్నాడు. అతని కండ్ల కింద నలుపు, ఎడమ కంటి కింద కాస్త చిక్కగా ఉంది. రోజూ అద్దంలో చూసుకున్నది కాబట్టి పోసవ్వ తన నలుపును వెంటనే గుర్తుపట్టింది. పోయి అతని పక్కన కూర్చుంది.

"పండుకోలేదా బావా?"

"మొన్నటి సంది నిద్ర లేదు పోసవ్వా. కండ్లు మూస్తే నువ్వు రాలేదనిపిస్తది."

"బేగంతోని తుడిపిచ్చుకోరాదు?"

"పోయిన. తుడిస్తే మల్ల నీకే వస్తదన్నది. వద్దని లేచొచ్చిన."

ఇన్నేళ్లూ తన మనసు తన కంటే ముందు లేచి ఈ గట్టుకు వస్తోందని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇంటికి పోయేసరికి ముత్తెన్న పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"సామాన్లు కట్టలేదేంది?"

"నేను రాను."

"ఎందుకు?"

"నీ కండ్లు తేటగున్నయి. గట్లనే ఉండనీయ్."

ముత్తెన్న కూడా ఆ ఊళ్లో పుట్టినవాడే. ఆ మాటకు అర్థం తెలిసి పెట్టె కింద పెట్టాడు. పెద్దమనుషులను పిలిచి వాళ్ల ముందు విడిపోతున్నామని చెప్పుకున్నారు. మధ్యాహ్నం మోటారుకు అతను ఒక్కడే ఎక్కాడు.

పోసవ్వ మళ్లీ గట్టుకు పోయింది. పండరి పార పట్టుకుని తూలుతున్నాడు. ఆమె పార తీసుకుంది.

"పండుకో. నీళ్లు నేను చూస్కుంట."

అతను తువ్వాల తల కింద పెట్టుకున్నాడో లేదో నిద్రపోయాడు. ఆ పూట పొలాలన్నిటికీ పోసవ్వే నీళ్లు పంచింది. నా మడికింకా రాలేదేందని కేకలేస్తూ ఒక రైతు గట్టెక్కి వస్తే, చెయ్యెత్తి ఆపింది.

"మెల్లగ మాట్లాడు. మనిషి పండుకున్నడు."