నీలమ్మ పుట్టింటి ప్రయాణాలు

"మీ అమ్మకు జ్వరమని పోయినసారే చెప్పినం. మళ్ల జ్వరమంటే ఎవరు నమ్ముతరు?" అంది అత్తగారు పార్వతమ్మ.

"కాలు విరిగిందని చెప్దాం," అన్నాడు నీలమ్మ భర్త బసవరాజ్.

"కాలు అంతకుముందే విరగ్గొట్టిన్రు గద," అంది నీలమ్మ, జొన్నరొట్టె తడుతూనే. మామగారు చెన్నబసప్ప నవ్వాపుకోలేక దగ్గాడు.

పాలక్కాడులో ఉన్న నీలమ్మ తల్లికి ఏ జబ్బూ లేదు. అత్తవారి ఊరు జహీరాబాద్‌లో చెప్పే మాటల్లో మాత్రం ఆమె ఎన్నోసార్లు మంచాన పడింది. కోడలు సినిమా పనికి మద్రాసు వెళ్లినప్పుడల్లా వీధికి చెప్పే మాట ఒకటే: పుట్టింటికి పోయింది. ఆడమనిషి ఇల్లు కదలడానికి ఊరు ఒప్పుకునే కారణం అదొక్కటే మరి. పగలంతా దీపాల వేడిలో నిలబడి పాదాలు వాచి తిరిగొస్తే, "పుట్టింట్ల మంచిగ ఆరాం చేసినవా?" అని పలకరించేవాళ్లు. అత్తగారు ఆ ఆరామానికి బదులుగా వారం రోజుల మాసిన బట్టలు దాచి ఉంచేది.

పెళ్లికి ముందు నీలమ్మ కోళికోడులో ఒక మలయాళ పత్రికకు విలేకరి. వరదలొచ్చినా, మిల్లులు మూతపడినా వెళ్లి చూసి, తన పేరుతోనే రాసేది. అప్పటి సంపాదకుడు తర్వాత సినిమాలు తీస్తూ ఆమెను సహాయకురాలిగా పిలిచాడు. ఇప్పుడు ఒక సినిమా మొత్తం ఆమె చేతికే అప్పగించాడు. అడిగింది ఒక్కటే, తెర మీద దర్శకత్వం ఎవరి పేరున వేయాలని.

"నా పేరు వేసుకో, నాకేం అడ్డం లేదు," అన్నాడు బసవరాజ్, వరమిస్తున్నట్టు. "మొగోని పేరుంటె ఇజ్జత్‌గ ఉంటది."

"మలయాళం సినిమా మన టాకీసుకు రాదు గద. వచ్చినా ఆ అక్షరాలు ఎవరికొస్తయి?" అంది నీలమ్మ.

"అదే నేను చెప్పేది. ఎవరు చదవనిదానికి నీ పేరెందుకు?"

నీలమ్మ చెయ్యి ఆగింది. ఎవరూ చదవని చోట కూడా తన పేరు ఉండకూడదన్నమాట. మరి ఇన్నాళ్లూ వీళ్లు భయపడింది ఊరికి కాదు. తెర మీద తన పేరుందని తనకొక్కదానికి తెలిసినా చాలు, తను మారిపోతుందని వీళ్ల భయం. ఇంటికి కావలసింది పుట్టింటి నుంచి తిరిగొచ్చే కోడలు. పని చేసి తిరిగొచ్చే మనిషి వస్తే, అలసిపోయానంటుంది, కాసిన్ని మంచినీళ్లిమ్మంటుంది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. అత్తగారు "రొట్టె, రొట్టె!" అని అరిచింది. నీలమ్మ తిప్పలేదు.

అప్పుడే పక్కింటి గౌహర్ బేగం పరదా తొలగించుకుని లోపలికొచ్చింది, చేతిలో నూనె సీసాతో. "నీలమ్మా, మళ్ల ఊరికి పోతున్నవంట గద. అప్పుడు విరిగిన అమ్మ కాలుకు ఇది రాయి. మా హకీం సాబ్ ఇచ్చిండు, మస్తు పనిజేస్తది."

పార్వతమ్మ కోడలికి కళ్లతోనే సైగ చేసింది. బసవరాజ్ గొంతు సవరించుకున్నాడు.

నీలమ్మ పెనం దించి, చేతులకంటిన పిండి దులుపుకుని లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మా అమ్మకు ఏ రోగం లేదు, గౌహర్ ఆపా. ఎన్నడు లేకుండె. నేను రేపు పొద్దుటి బస్సుకు మద్రాసు బయలెల్లుతున్న. సినిమా తీస్తున్న, నా పేరు మీదనే. అత్తమ్మా, మామా, మీరు కూడ వినున్రి. ఇగ నా గురించి ఎవరడిగినా పుట్టింటికి పోయిందనకున్రి. డ్యూటీకి పోయిందని చెప్పున్రి."