మామ ఎదుట గొంతు

ఆదివారం ఆరాధనలో పంచే ప్రభు భోజనానికి రొట్టె చేయడం అంతమ్మ పని. శనివారం తమ ఊరు చిన్న మంగళారంలోని ప్రార్థన గుడిసెను పేడతో అలికి, నీళ్ళు మోసి, చాపలు దులిపి పరిచి, ఆ తర్వాత ఇంటికొచ్చి గోధుమపిండి తడుపుతుంది. ఉప్పు వేయని పలుచని రొట్టెలు రెండు. ఐదేళ్ళుగా ఇదే. ఈసారి మాత్రం మొదటి రొట్టె పెనం మీదే మాడిపోయింది. తిప్పాలన్న సంగతే మరిచిపోయింది.

"పిండి దండుగ చేసినవ్ గదనే. ఏం ధ్యానంల ఉన్నవ్?" అంది అత్త సాలమ్మ. గడపలో కూర్చుని అంతమ్మ ఏడాది కూతురు రూతును ఆడిస్తోంది.

ధ్యానం కాదు, భయం. అది తెచ్చిపెట్టింది కొత్త పాదిరి. కోస్తా వైపు మనిషి. ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, మొయినాబాద్‌కు బదిలీ మీద వచ్చాడు. పోయిన ఆదివారం సైకిల్ దిగీ దిగగానే అందరినీ ఒకసారి చూసి అన్నాడు: "ఆరాధనంటే కూర్చుని చూసే ఆట కాదమ్మా. వచ్చే వారం రొట్టె తీసుకునేవాళ్ళు నమ్ముతున్నామని ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి. చెప్పినవాళ్ళ పేర్లే సంఘం పుస్తకంలో ఉంటాయి."

వినడానికి చిన్న మాటే. కానీ ఆ ఇంట్లో కోడలి గొంతు మామ చెవిన పడకూడదు. పెళ్ళయిన ఆరేళ్ళలో మామ కొమురయ్య ఎదుట అంతమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టానని చెప్పాలంటే గాజులు చప్పుడు చేస్తుంది. ఇంకేదైనా చెప్పాలంటే గోడ వైపు తిరిగి అత్తతో గుసగుసలాడుతుంది. కొమురయ్య సంఘపెద్ద, ముందు చాప ఆయనదే. అందుకని గుడిసెలో పాట ఎత్తుకున్నా ఆమె పెదవులే కదులుతాయి. ఆమేన్ కూడా గొంతు దాటదు. బాప్తిస్మం నాడూ అంతే. పాత పాదిరి అడిగితే మామ ఒక్కడే లేచి, "మా ఇంటోళ్ళందరం నమ్మినం అయ్యగారూ" అన్నాడు. అందరి మీదా నీళ్ళు పడ్డాయి. నువ్వు నమ్మావా అని అంతమ్మను ఎవరూ అడగలేదు. అలికేటప్పుడు, ఎవరూ లేని ఆ గుడిసెలో, ప్రతి పాటా చరణం తప్పకుండా పాడుకునేది ఆమె. ఖాళీ చాపల ముందు గొంతు బాగానే వచ్చేది.

ఆ పొద్దున బావి దగ్గర పక్కింటి వసంతమ్మ నవ్వింది. "నీకెందుకే ఫికర్? నీ బదులు మీ మామ పరలోకం గూడ పోయొస్తడు తియ్!"

అంతమ్మకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి బిందె దించేలోపే ఆ నవ్వు పోయింది. అరుగు మీద పగ్గం పేనుతున్న భర్త ఎల్లేశ్ తలెత్తకుండానే అన్నాడు: "రేపు మా బాపు ముందట నోరు తెరిచినవనుకో, అటే షాబాద్ తొవ్వ పట్టు, మీ అవ్వగారింటికి. పిల్ల మాత్రం ఈన్నే ఉంటది."

కోపంగా అని ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది. కూరలో కారం తక్కువైందన్నట్టు అన్నాడు.

మాట్లాడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. పుస్తకంలో పేరుండదు, అంతే. మళ్ళీ వారం అలుకుతుంది, రొట్టె చేస్తుంది, అది ఒక్కొక్కరి నోట్లోకీ పోతుంటే వెనక చాప మీంచి చూస్తుంది. పిల్ల తన ఒళ్ళోనే ఉంటుంది. అది చాలదా? రెండో రొట్టె తిప్పుతూ చాలనుకుంది. పిల్లకు పాలిస్తూ చాలనుకుంది. ఈ పిల్ల కూడా పెద్దయ్యాక ఏదో గుడిసెలో ఉత్త పెదవులు కదుపుతూ కూర్చుంటుందని తోచేసరికి మాత్రం చాలనిపించలేదు.

ఆదివారం పాదిరి ఒక్కొక్క పేరే పిలుస్తూ వచ్చాడు. "అంతమ్మా, నమ్ముతున్నావా?"

పిల్లను ఎత్తుకుని లేచింది.

"నమ్మింది అయ్యగారూ, రాసుకోండ్రి" అన్నాడు కొమురయ్య.

"ఆమె చెప్పాలి పెద్దయ్యా."

"మా కోడలు నా ముందట మాట్లాడదు అయ్యగారూ. మర్యాద గల్ల పిల్ల."

అది పొగడ్తే. మగవాళ్ళంతా తలలూపారు. ఎల్లేశ్ దగ్గాడు. ఆ దగ్గు వినగానే సాలమ్మ చెయ్యి చాచి, అంతమ్మ చంకలోని పిల్లను మెల్లగా లాక్కుని గోడ దాకా జరిగింది.

అంతమ్మ చంక ఖాళీ అయింది. ఇంకా నోరైనా తెరవలేదు, పిల్ల పోనే పోయింది. నోరు మూసుకుంటే పిల్ల తనదే అనుకున్నది ఎంత ఉత్తదో అప్పుడు తెలిసింది.

"నమ్ముతున్న అయ్యగారూ."

బొంగురుగా వచ్చింది మాట. వెనక్కి తిరిగిన కొమురయ్య నోరు తెరుచుకునే ఉంది. పాదిరి పుస్తకంలో ఆమె పేరు రాసుకున్నాడు. అంతమ్మ చాపలు దాటి అత్త ముందు నిలబడి, రెండు చేతులూ చాచింది.

"అత్తా, నా బిడ్డనియ్యి."